బఠాణీ రెండేళ్ళ పరీక్ష

పొద్దున ఏడున్నరకి ఆ ఇంట్లో మొదట కనిపించకుండా పోయేది దువ్వెన. తల్లి అద్దం ముందు నిలబడి, జడ సగం అల్లి, దువ్వెన కోసం చెయ్యి చాపేసరికి అది అప్పటికే అల్మారా మీంచి కిందపడి, గుమ్మం దాటి, హాల్లో చాప మీద కూర్చున్న పిల్ల వైపు సగం దూరం వెళ్ళిపోయి ఉంటుంది. తరవాత నాయనమ్మ కళ్ళజోడు. ఆ తరవాత తండ్రి చెప్పుల జతలో ఒకటి. ఎప్పుడూ ఒకటే, రెండోది ఎందుకు అక్కర్లేదో ఆ పిల్లకే తెలియాలి.

"ఒసేయ్, నా కళ్ళజోడు బయల్దేరిందే!" అని నాయనమ్మ వంటింట్లోంచి అరుస్తుంది.

"ఇక్కడే ఉంది అత్తయ్యా, సోఫా కాలు దగ్గర."

"అయితే రానీ. దారిలో ఎవరూ తొక్కకండి."

ఆ ఇంట్లో అందరూ నేల చూసుకుంటూ నడుస్తారు. చుట్టాలొస్తే వాళ్ళకీ రెండు నిమిషాల్లో అలవాటైపోతుంది. ఆ పిల్లకి ఏం కావాలనిపిస్తే అది ఆ పిల్ల దగ్గరికి వస్తుంది, అంతే. గబగబా ఏం రాదు, నత్తనడకన వస్తుంది. పక్కింటివాళ్ళ బంతి కనపడకపోతే వాళ్ళు తలుపు తట్టి, "మీ పిల్ల దగ్గరేమైనా ఉందా?" అని అడిగి తీసుకుపోతారు. ఒకసారి పై అంతస్తు ఆయన గొడుగు మూడు మెట్ల వరసలు దిగి వచ్చింది. ఆయన ఏమీ అనుకోలేదు కానీ, ఆ రోజు వాన, పాపం తడిసి వెళ్ళాడు.

నాయనమ్మకైతే ఇందులో వింతేం కనపడలేదు. "అంతా తండ్రి పోలిక. వాడు మాత్రం ఏనాడైనా లేచి మంచినీళ్ళు తెచ్చుకున్నాడా? కూర్చున్నచోటికే రావాలి అన్నీ," అని కొడుకు వినేలా అంటుంది. కొడుకు వినీ విననట్టు ఉంటాడు.

ఆ పిల్లని అందరూ బఠాణీ అంటారు. పుట్టాల్సిన రోజుకి మూడు నెలల ముందే వచ్చేసింది. తొమ్మిది వందల గ్రాములు. నర్సు అద్దాల పెట్టెలోంచి చూపిస్తే నాయనమ్మ నోట మాట రాక, వచ్చాక మొదట అన్న మాట "ఇదేంటే, బఠాణీ గింజంత ఉంది" అని. అదే ఉండిపోయింది.

ఇంట్లోవాళ్ళ కంగారు దువ్వెనల గురించి కాదు. అది వేరు.

పుట్టిన మూడో రోజు బఠాణీ మెదడులో రక్తస్రావం అయింది. నెలలు నిండని పిల్లలకి లోపలి రక్తనాళాలు మరీ పల్చగా ఉంటాయనీ, ఒక్కోసారి చిట్లిపోతాయనీ పిల్లల డాక్టరు చెప్పాడు. తెర మీద స్కాను చూపించాడు. కుడివైపున తెల్లటి మచ్చ. "గ్రేడు నాలుగు," అన్నాడు.

"ఎంతకి నాలుగండీ?" అని అడిగాడు తండ్రి.

"నాలుగుకి నాలుగు."

ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, తండ్రి మొహం వెలిగింది. బళ్ళో చదివిన పదేళ్ళలో ఏనాడూ నాలుగుకి నాలుగు వచ్చిన పాపాన పోలేదు ఆయనకి. తరవాత డాక్టరు మొహం చూశాడు. ఆ ఒక్క క్షణం తలుచుకుని ఆయన ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతుంటాడు, పెళ్ళానికి కూడా చెప్పలేదు.

బతకదేమో అన్నారు. బతికింది. తలలో నీరు చేరుతోందన్నారు. చెవి వెనక నుంచి సన్నటి గొట్టం వేశారు. అదీ తట్టుకుంది. ఇక ఇంటికి పంపిస్తూ డాక్టరు తల్లిని కూర్చోబెట్టి నిదానంగా చెప్పాడు: ఇలాంటి రక్తస్రావం నుంచి బయటపడ్డ పిల్లల్లో కొందరు నడుస్తారు, కొందరు నడవరు. కొందరికి మాట ఆలస్యం, కొందరికి చూపు తక్కువ. కొందరికి ఒక పక్క చెయ్యీ కాలూ బిగుసుకుపోతాయి. కొందరికి పెద్దగా ఏమీ ఉండదు, బడికి కూడా వెళ్తారు.

తల్లి అంతా విని, "మా పాప ఏ కొందరండీ?" అని అడిగింది.

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అది పాపే చెప్పాలమ్మా. మనం చూస్తూ ఉండాలి."

చూస్తూ ఉన్నారు. చూసేకొద్దీ అయోమయం తప్ప ఏమీ తేలలేదు. ఒక నెల మెడ నిలబెట్టింది, పై నెల మళ్ళీ వాల్చేసింది. ఏడాదిన్నరకి ఆసరా లేకుండా కూర్చుంది. నిలబడదు. నవ్వుతుంది, కానీ ఎందుకు నవ్విందో తెలీదు. "బా" అంటుంది, బంతినీ బా అంటుంది, నాయనమ్మనీ బా అంటుంది, ఫ్యానునీ బా అంటుంది. అది మాట కిందికి వస్తుందా రాదా అని తల్లి ముగ్గురు డాక్టర్లని అడిగితే ముగ్గురూ మూడు చెప్పారు. కుడిచెయ్యి బాగానే ఉంది. ఎడమచెయ్యి మాత్రం ఒళ్ళో పడి ఉంటుంది, పిడికిలి ముడుచుకుని, బొటనవేలు లోపలికి దూర్చుకుని.

పైగా వయసు కూడా ఒకటి కాదు. ముందే పుట్టింది కాబట్టి కాగితాల మీద రెండేళ్ళ మూడు నెలలు. పుట్టాల్సిన రోజు నుంచి లెక్కిస్తే రెండేళ్ళు. రెండోదాన్ని సరిచేసిన వయసు అంటారు. పరీక్షలన్నీ దాని ప్రకారమే.

"వయసు సరిచేయడమేంటే?" అని నాయనమ్మ నోరు వెళ్ళబెట్టింది. "సరిచేస్తారంటే నాదీ ఓ పదేళ్ళు సరిచేయమను, మోకాళ్ళ నొప్పులు పోతాయి."

తల్లి నవ్వలేదు. సరిచేసిన రెండేళ్ళు ఆ నెల్లోనే నిండుతున్నాయి మరి.

వాళ్ళు వారానికి మూడు రోజులు వెళ్ళే శిక్షణ కేంద్రంలో పెద్దపిల్లలకి రెండు గదులున్నాయి. ఒకటి నడక గది. అక్కడ రోజూ రెండు గంటలు వ్యాయామం, పట్టుకుని నిలబడే కమ్మీలు, మెట్లు, చేతులకి పనులు, మాటలు నేర్పే ఆవిడ. రెండోది చూసుకునే గది. అక్కడ మెత్తటి పరుపులు, పాటలు, వేళకి తిండి. ఏ గదిలో చేర్చాలో సరిచేసిన రెండేళ్ళప్పుడు ఒక పరీక్ష పెట్టి తేలుస్తారు. సొంతంగా కూర్చోవాలి, కుడిచేతికి ఏదో ఒక పని రావాలి, ఎడమచేతికి ఏదో ఒక పని రావాలి. మూడింట్లో ఒకటి తగ్గినా చూసుకునే గదే. నడక గదిలో చోటు తక్కువ, పిల్లలెక్కువ. తప్పెవరిదంటే ఎవరిదీ కాదు.

తల్లి ఒకసారి చూసుకునే గదిలోకి తొంగిచూసింది. ఆవిడ బఠాణీ పుట్టక ముందు కర్టెన్లు కుట్టే దుకాణంలో పనిచేసేది, ఎక్కడికెళ్ళినా ముందు కర్టెన్లే చూస్తుంది. మంచి గుడ్డ. అంచులు శుభ్రంగా మడిచి కుట్టారు. ఎవరో శ్రద్ధగా చేసిన పని. కొన్నేళ్ళుగా వాటిని ఎవరూ మార్చలేదని కూడా తెలిసిపోతోంది, కిటికీ వైపు రంగు వెలిసిపోయింది. ఇక్కడికొచ్చిన పిల్ల ఇక్కడే ఉంటుందని అర్థమై భయమేసింది.

వ్యాయామం నేర్పే అమ్మాయి మంచిదే, కానీ మొహమాటం లేదు. "అక్కా, మీ ఇంట్లో వస్తువులన్నీ దీని దగ్గరికి వచ్చేస్తున్నాయి. అలా వస్తుంటే ఇది వాటి దగ్గరికి ఎందుకెళ్తుంది? రానివ్వకండి," అంది.

ఈ ముక్క తండ్రి చెవిన పడింది. ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి. ఆయనకి తెలిసిన ప్రపంచంలో కదలకూడనిది కదులుతోందంటే బోల్టు వదులైందని అర్థం. ఆదివారం పొద్దున డ్రిల్లు తెచ్చి మొదలుపెట్టాడు. బంతికి ఇనప పట్టీ వేసి బల్లకి బిగించాడు. చెంచాకి గొలుసు. రబ్బరు బాతుకి రెండు స్క్రూలు, పాపం. దువ్వెన గోడకి. కళ్ళజోడు జోలికి వస్తే ఊరుకోనని నాయనమ్మ ముందే చెప్పేసింది.

మధ్యాహ్నం బఠాణీకి బాతు మీద మనసైంది. బాతు రాలేదు. బాతుతో పాటు బల్ల వచ్చింది, బల్ల మీద బంతితో, చెంచాతో సహా, నేలంతా గీరుకుంటూ.

"ఓరి నీ తెలివి తెల్లారా," అంది నాయనమ్మ.

తండ్రి బల్లని నేలకి బిగించాడు. అద్దె ఇల్లు, ఇల్లుగలాయన చూస్తే గోల. అయినా బిగించాడు. ఆ తరవాత ఆ ఇంట్లో అన్నం తినాలంటే బల్ల చుట్టూ మనుషులే సర్దుకోవాలి, బల్ల మాత్రం సర్దుకోదు.

అయితే ఒకటి, పని జరిగింది. బఠాణీ నాలుగు రోజులు గోల పెట్టి ఏడ్చి, అయిదో రోజు నడుం వంచి, కుడిచెయ్యి చాపి, బాతు ముక్కు పట్టుకుంది. తండ్రి గెంతులేశాడు. తల్లి కూడా సంతోషించింది. వెంటనే ఎడమచెయ్యి వైపు చూసింది. అది ఒళ్ళోనే ఉంది.

రోజుకి మూడుసార్లు ఆ పిడికిలి విప్పేది తల్లి. ఒక్కో వేలూ, ఆఖరికి బొటనవేలు. ఇరవైసార్లు విప్పితే ఇరవైసార్లూ ముడుచుకునేది. "ఒక్కసారమ్మా, ఒక్కసారి నీ అంతట నువ్వు," అని బతిమాలేది. బఠాణీ తల్లి మొహంలోకి చూసి "బా" అనేది. తల్లికి ఒక్కోసారి కోపం వచ్చేది, పిల్ల మీద కాదు, ఎవరి మీదో తెలీని కోపం. ఆ వెంటనే పిల్ల మీదే కోప్పడ్డానేమోనని ఏడుపొచ్చేది.

పరీక్ష రోజు రానే వచ్చింది. పొద్దున పదకొండింటికి.

పరీక్ష పెట్టే ఆవిడని అందరూ టిక్కుల మేడమ్ అంటారు. ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకి అదే పెట్టె, అదే నాలుగు పేజీల ఫారం. నవ్వదు, చిరాకు పడదు. చేసిందానికి టిక్కు పెడుతుంది, చేయనిదానికి ఖాళీ వదిలేస్తుంది. ఆవిడ పెన్ను వైపు చూస్తూ ఎంతమంది తల్లులు గోళ్ళు కొరుక్కున్నారో లెక్కలేదు.

"రూల్సు చెప్తాను," అంది. "ఏదైనా నేను రెండుసార్లు కళ్ళారా చూస్తేనే టిక్కు. ఒకసారి చేస్తే చెయ్యనట్టే. మీరిద్దరూ ఆ గోడ పక్కన కుర్చీల్లో కూర్చోవాలి. పిలవకూడదు, సైగ చెయ్యకూడదు. లేచి వచ్చారంటే పరీక్ష రద్దు."

"రద్దయితే మళ్ళీ పెడతారా మేడమ్?" అంది తల్లి.

"ఇవాళే ఆఖరి రోజు. వయసు దాటిపోతుంది." ఫారం మీద పైన తేదీ వేసింది. "ముప్పావుగంట టైము."

బఠాణీని చిన్న కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకి పట్టీ వేసి, చిన్న బల్ల ముందుకి జరిపారు. టిక్కుల మేడమ్ బల్లకి అవతల కూర్చుంది. పట్టీ విప్పి చూసింది, బఠాణీ పడలేదు. మళ్ళీ చూసింది, పడలేదు. టిక్కు. పట్టీ మళ్ళీ బిగించింది.

పెట్టెలోంచి ఎర్రటి చెక్క దిమ్మె తీసి, పిల్లకి జానెడు దూరంలో పెట్టింది. బఠాణీ దాన్ని చూసింది. దిమ్మె మెల్లగా జరిగి బఠాణీ ముందుకి వచ్చి ఆగింది.

టిక్కుల మేడమ్ దాన్ని వెనక్కి తీసుకుని మళ్ళీ పెట్టింది. మళ్ళీ వచ్చింది. ఫారం తిరగేసి చూసింది. 'వస్తువును అందుకొనును' అని ఒక గడి ఉంది. 'వస్తువు తానే వచ్చును' అని లేదు.

తండ్రి గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, ఒక్క చిన్న మాట. నా జేబులో నాలుగు స్క్రూలున్నాయి..."

"కూర్చోండి."

"కూర్చునే ఉన్నానండీ."

"అయితే మాట్లాడకుండా కూర్చోండి."

ఆవిడ దిమ్మెని వేలితో గట్టిగా నొక్కిపట్టింది. అది కాసేపు వేలి కింద గింజుకుంది. బఠాణీకి విసుగొచ్చి, నడుం వంచి, కుడిచేత్తో లాక్కుంది. ఇంకోసారి లాక్కుంది. టిక్కు. తండ్రి పెళ్ళాం చెయ్యి నొక్కాడు.

మూడోది మిగిలింది.

టిక్కుల మేడమ్ బఠాణీ కుడిచేతికి మేజోడు తొడిగింది, ఆ చేత్తో ఏం పట్టుకోకుండా. దిమ్మెని ఎడమవైపున పెట్టి నొక్కిపట్టింది. బఠాణీ చూస్తూ కూర్చుంది. ఎడమచెయ్యి బల్ల కిందే ఉండిపోయింది, ఒళ్ళో. వేలు తీస్తే దిమ్మె వచ్చేసింది. ప్లాస్టిక్ కప్పు పెట్టింది, కప్పు వచ్చింది. గంట పెట్టింది, గంట దారంతా మోగుకుంటూ వచ్చింది. బొమ్మ వచ్చింది. పేజీలు తెరుచుకున్న పుస్తకం వచ్చింది. అన్నీ వెనక్కి తీసుకోవడం, మళ్ళీ పెట్టడం, అవి మళ్ళీ రావడం. బఠాణీకి ఆట బాగా నచ్చింది. గోడ పక్కన తల్లికి మాత్రం ఏమీ అర్థం కావడం లేదు. పిల్ల పాసవుతోందా, పోతోందా? నవ్వుతోంది కదా, దానికేమైనా మార్కుందా? మేడమ్ పెన్ను ఎందుకు కదలడం లేదు? గడియారంలో అరగంట దాటింది.

గంటని వెనక్కి తీసుకోవడానికి టిక్కుల మేడమ్ అలవాటుగా నడుం వంచి చెయ్యి చాపబోయింది. చాపనక్కర్లేకపోయింది. గంట ఆవిడ మోచేతి దగ్గరే ఉంది.

చుట్టూ చూసుకుంది. ఆవిడ కుర్చీ బల్లకి అవతల ఉండాలి. ఇవతల ఉంది, బఠాణీ కుర్చీకి ఆనుకుని, ఎడమపక్కన. ఎప్పుడొచ్చిందో ఎవరూ గమనించలేదు. అయినా వచ్చేసిన కుర్చీని ఏం చేస్తాం. ఆవిడ ఫారాన్ని కూడా ఇటు లాక్కుని, అక్కణ్ణుంచే పని మొదలుపెట్టింది. గంటని బల్ల చివర పెట్టింది.

ఈ పక్కన కూర్చుంటే బల్ల కింద పిల్ల ఒళ్ళో ఏముందో కనిపిస్తోంది. గంట కదలడానికి సరిగ్గా ముందు, ముడుచుకున్న పిడికిలిలోంచి బొటనవేలు బయటికొచ్చింది. కాస్తే, గోరంత. ఒకసారి వంగింది, దగ్గరికి రమ్మన్నట్టు. గంట మోగుకుంటూ బయల్దేరింది. బొటనవేలు లోపలికి వెళ్ళిపోయింది.

టిక్కుల మేడమ్ తన అరచేతిని ఆ పిడికిలి మీద మెల్లగా కప్పింది. గంట ఉన్నచోటే ఆగిపోయింది. చెయ్యి తీసేసి గంట వైపు చూసింది. గంట మళ్ళీ కదిలింది.

"ఎడమచేత్తో పిలుస్తోంది," అంది టిక్కుల మేడమ్. ఎవరితో అన్నదో తెలీదు. ముప్ఫై ఏళ్ళలో పరీక్ష మధ్యలో ఏ పిల్ల గురించీ ఆవిడ ఒక్క మాట అనలేదు.

"ఏంటి మేడమ్?" అన్నాడు తండ్రి.

"బొటనవేలు. బొటనవేలు తీసి పిలుస్తోంది."

తల్లికి అప్పుడు గుర్తొచ్చింది. రోజుకి మూడుసార్లు ఆ పిడికిలి తన చేతుల్లో పెట్టుకుని విప్పుతున్నంతసేపూ ఇంట్లో ఒక్క వస్తువూ కదిలేది కాదు. వ్యాయామమంటే పిల్లకి గిట్టదు, అందుకే ఏదీ అడగదు అనుకునేవాళ్ళు. దువ్వెన వస్తుంటే దువ్వెనని చూశారు, బంతి వస్తుంటే బంతిని చూశారు, గొడుగు వస్తుంటే వాకిట్లోకి పరిగెత్తి గొడుగుని చూశారు. రెండేళ్ళు. పిలుస్తున్న పిల్ల చేతిని ఒక్కరంటే ఒక్కరు చూడలేదు. తల్లికి సంతోషం ముంచుకొచ్చింది, దానితో పాటే సిగ్గూ వచ్చింది. ఏది ముందొచ్చిందో చెప్పడం కష్టం.

"అయితే టిక్కు పెట్టేయండి మేడమ్!" అన్నాడు తండ్రి.

"ఒకసారే చూశాను."

"ఇప్పటిదాకా ఇరవై వస్తువులు రాలేదా?"

"వస్తువులు వచ్చాయి. చెయ్యి నేను చూసింది ఒకసారి. రెండోసారి చూడాలి." గడియారం చూసింది. "నాలుగు నిమిషాలుంది."

బల్ల మీద బఠాణీ ముందు సామాను కుప్ప పడి ఉంది. ఇక కొత్తగా కావాలనిపించడానికి ఏముంది? టిక్కుల మేడమ్ అన్నింటినీ పెట్టెలోకి ఊడ్చేసి, మూత వేసి, పెట్టెని బల్ల చివర పెట్టింది. బల్ల ఖాళీ. ఇప్పుడు పెట్టెని పిలవాలి, అదే ఆవిడ ఆలోచన.

బఠాణీ పెట్టె వైపు చూడలేదు. ఆవులించింది. ముప్పావుగంట ఆటకి అలిసిపోయింది, కళ్ళు వాలుతున్నాయి. మూడు నిమిషాలు. రెండు. టిక్కుల మేడమ్ ఒళ్ళోకి వంగి పిడికిలినే చూస్తోంది. తండ్రి కూడా కుర్చీలోంచే మెడ సాచి, బల్ల కిందుగా చూస్తున్నాడు. తల్లి తన కుర్చీ అంచుల్ని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది, ఎక్కడ లేచేస్తానోనని. పిలవకూడదు. సైగ చెయ్యకూడదు. నోరు గట్టిగా మూసుకుంది.

బఠాణీ తలెత్తి గది అంతా చూసింది. గోడ పక్కన తల్లి కనపడింది. కింది పెదవి ముందుకొచ్చింది, ఏడవబోయే ముందు వచ్చినట్టు. ఒళ్ళో పిడికిలిలోంచి బొటనవేలు బయటికొచ్చింది. ఈసారి గోరంత కాదు, మొత్తం వచ్చింది. వంగింది. మళ్ళీ వంగింది.

పెట్టె కదల్లేదు.

తరవాత ఏం జరిగిందో సరిగ్గా చెప్పగలిగినవాళ్ళు లేరు. తల్లి బల్ల దగ్గర ఉంది. బఠాణీ తల ఆవిడ నడుముకి ఆనుకుని ఉంది, ఆవిడ చెయ్యి పిల్ల జుట్టులో ఉంది. గోడ పక్కన ఆవిడ కుర్చీ ఖాళీగా, ఉన్నచోటే ఉంది.

టిక్కుల మేడమ్ తలెత్తింది.

"మీరు లేచారా అమ్మా?"

తల్లి కుర్చీ వైపు చూసింది, తన కాళ్ళ వైపు చూసింది. "తెలీదు మేడమ్."

"నడిచి వచ్చారా?"

"తెలీదు మేడమ్. ఒట్టు, నిజంగా తెలీదు. కూర్చునే ఉన్నాననుకున్నాను." పరీక్ష రద్దు. ఆఖరి రోజు. రంగు వెలిసిన కర్టెన్లు. ఎంతసేపో బిగబట్టుకుని, ఆఖరికి తన చేతులతో తనే పాడుచేసిందా? "నేను లేవలేదనే అనుకుంటున్నా మేడమ్. లేచానేమో. నాకు తెలీడం లేదు."

టిక్కుల మేడమ్ తండ్రి వైపు తిరిగింది. "మీరు పక్కనే కూర్చున్నారు. ఆవిడ లేవడం చూశారా?"

తండ్రికి అబద్ధం చెప్పడం రాదు. నాలుగుకి నాలుగు అన్నప్పుడు వెలిగిన మొహం ఆయనది, ఏదీ దాచుకోలేదు. పెళ్ళాం వైపు చూసి, ఖాళీ కుర్చీ వైపు చూసి, తల గోక్కున్నాడు.

"లేదండీ. నేను దాని బొటనవేలు చూస్తున్నాను."

టిక్కుల మేడమ్ పెన్ను చేతిలోకి తీసుకుంది.

"నేనూ అదే చూస్తున్నాను," అంది.

ఫారం దగ్గరికి లాక్కుంది. టిక్కు పెట్టడానికి ముందు, గడి పక్కన ఖాళీలో, చిన్న అక్షరాలతో ఒక వాక్యం రాసింది: తల్లి లేవడం ఎవరూ చూడలేదు. దాని కింద ఇంకోటి: పాప ఎడమచేత్తో పిలవడం ఇద్దరం చూశాం, రెండోసారి. అప్పుడు టిక్కు పెట్టింది. నాలుగు పేజీలూ సర్ది, క్లిప్పు పెట్టి, చేతి మేజోడు తీసేసి, ఒక చీటీ రాసి తల్లికిచ్చింది.

"సోమవారం తొమ్మిదిన్నరకి. నడక గది."

తల్లి చీటీ చదువుకుంది. మళ్ళీ చదువుకుంది. "అంటే, నడుస్తుందా మేడమ్?"

"అది నాకు తెలీదమ్మా. ఆ గది పేరు అది, అంతే." పెన్నుకి మూత పెట్టి, "నడవొచ్చు. నడవకపోవచ్చు. రోజూ రెండు గంటలు పనిచేయిస్తారు," అంది.

తల్లి తలూపింది. ఏడుస్తూనే బఠాణీ నడుముకున్న పట్టీ విప్పుతోంది, అది ఊడిరావడం లేదు. టిక్కుల మేడమే వంగి విప్పింది. బయట ఇంకో పిల్లాడు, ఇంకో తల్లీ ఎదురుచూస్తున్నారు.

"పరీక్ష అయిపోయింది," అని ఆవిడ తండ్రితో అంది. "ఇంక మీరు లేవొచ్చు."

తండ్రి లేవలేదు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, గోడ పక్కన కుర్చీలో బుద్ధిగా కూర్చుని, కూతురి ఎడమచేతి వైపే చూస్తున్నాడు.

"ఒక్క నిమిషం ఉండండి మేడమ్," అన్నాడు. "నన్ను కూడా పిలుస్తుందేమో."